కళ్ళాపి చల్లిన బడి

సింహాచలమ్మ బొటనవేలికి సిరా పూసి కాగితం మీద నొక్కించినవాడు రౌడీ కాదు, పోలీసూ కాదు. ఇరవై రెండేళ్ళుగా పిల్లల చేత నీతి పద్యాలు వల్లె వేయిస్తున్న హెడ్మాస్టరు సోమేశ్వరరావు.

అది 1986 జనవరి. బెంగాల్లో ఖరగ్‌పూర్ రైల్వే ట్రాఫిక్ కాలనీలో, నిమ్‌పురా గూడ్సు యార్డుకు పోయే దారి మూల మీద ఒక తెలుగు బడి ఉండేది. గోడలు ఇటుకవే గాని పైకప్పూ, దాని కింద సీలింగూ సిమెంటు రేకులు. అందుకే కాలనీలో అందరికీ అది రేకుల బడి. ఆ వారం కలకత్తా నుంచి పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడు. రైల్వేలో తనిఖీ అంటే సున్నం. చెట్ల మొదళ్ళకు సున్నం, దారి పక్క రాళ్ళకు సున్నం, పగిలినవాటికి పగుళ్ళు కనపడకుండా రెండు పూతల సున్నం.

మూడో తరగతి గదిలో ఒక సీలింగు రేకు రెండేళ్ళుగా పగిలి వేలాడుతోంది. దానికీ సున్నం కొట్టారు. ఆఫీసరు రావడానికి గంట ముందు ఆ రేకు ఊడి బల్లల మీద పడి ముక్కలైంది. ప్రార్థన వేళ కాబట్టి పిల్లలు బయట వరసల్లో నిలబడి ఉన్నారు, బతికిపోయారు. గదంతా పిండిమర కొట్టులా తెల్లబడింది.

సోమేశ్వరరావు గుమ్మంలో నిలబడి ఆ ముక్కల్ని చూశాడు. తరవాత చీపురు పట్టుకుని నిలబడ్డ సింహాచలమ్మని చూశాడు. ఆయన బుర్ర జీవితంలో ఎన్నడూ అంత చురుగ్గా పని చేసి ఉండదు.

"సింహాచలం, బూజుకర్ర తగిలి రేకు పగిలిందని ఒక్క ముక్క రాస్తాను. నీకేం కాదు. ఆడమనిషివి, ఆఫీసరు దయ తలుస్తాడు."

"నాను బూజుకర్ర ముట్టుకోనేదు బావూ."

"ముట్టుకున్నావని ఎవరన్నారమ్మా? రాస్తాననే కదా అన్నాను."

మూడో తరగతి చెప్పే ఎమిలీ టీచరు పక్కనే ఉంది. రేకు దానంతట అదే పడడం కళ్ళారా చూసింది. ఆమె ఆ క్షణంలో గోడ మీది భారతదేశ పటాన్ని, అందులో ఏ నదో తప్పిపోయినట్టు, వెతుకుతూ నిలబడింది.

ఆఫీసరు వచ్చాడు, అయిదు నిమిషాలున్నాడు, బిస్కెట్టు సగం కొరికి వెళ్ళిపోయాడు. కాగితం మాత్రం వెళ్ళలేదు. అది సింహాచలమ్మ ఫైల్లో చేరి కూర్చుంది. ఆమెది చనిపోయిన మొగుడి బదులు ఇచ్చిన ఉద్యోగం. బడిలో ఆయా పని. మొదట సబ్‌స్టిట్యూటుగా పెట్టుకుని తరవాత పర్మనెంటు చేస్తామన్నారు. జాబితా తయారైన ప్రతిసారీ ఆ కాగితం పైకి లేచేది: రైల్వే ఆస్తి పగలగొట్టిన మనిషి. ఆమె వెనక చేరినవాళ్ళు పర్మనెంటయ్యారు. ఆమె సబ్‌స్టిట్యూటుగానే ఉండిపోయింది. అంటే పని రోజూ ఉంటుంది, ఉద్యోగం ఏ రోజైనా పోవచ్చు.

అయినా ఆమె ఆ బడిని వదల్లేదు. మరునాటి నుంచి ఒక వింత పని మొదలుపెట్టింది. పొద్దున్నే గదులు ఊడ్చే ముందు నేలంతా నీళ్ళు చల్లేది. వాకిట్లో కళ్ళాపి చల్లినట్టు బల్లల కింద, నల్లబల్ల ముందు, మూలమూలలా చల్లి, ఆ తరవాతే చీపురు పట్టేది. తడి గుడ్డతో బల్లలన్నీ తుడిచేది. ఆ గుడ్డ బయట ఎక్కడా దులపకుండా బకెట్లోనే జాడించేది.

"ఏవిటమ్మా, బళ్ళో కళ్ళాపి చల్లుతున్నావు? ముగ్గు కూడా పెడతావా?" అన్నాడు సోమేశ్వరరావు. టీచర్లు నవ్వారు. హెడ్మాస్టరు మాటకు నవ్వడం కూడా జీతంలో భాగమనుకునే జాతి అది.

"పొడిది పొడిగా ఊడిస్తే నేగిసి ముక్కులోకెల్తాది బావూ. ఇది మామూలు దుమ్ము కాదు."

"దుమ్ములో కులాలున్నాయా?" అని ఆయన మళ్ళీ నవ్వించాడు.

ఆ దుమ్ము సంగతి సింహాచలమ్మకు పుస్తకాల వల్ల తెలిసింది కాదు. ఆమె మొగుడు భద్రయ్య వర్క్‌షాపులో ఆవిరి ఇంజన్ల బాయిలర్లకు తెల్లటి పీచు చుట్టే గ్యాంగులో పని చేశాడు. వేడి బయటికి పోకుండా ఆ పీచును పరుపులా కుట్టి కడతారు. రేకుల్లో సిమెంటుతో కలిపేదీ ఆ పీచే, ఆస్‌బెస్టాస్. ఇంజను మరమ్మతుకు వచ్చినప్పుడు పాతది ఊడదీస్తారు. మొదట్లో ఒక ఆంగ్లో ఇండియన్ ఫోర్‌మన్ ఉండేవాడు. బూతు లేకుండా గుడ్‌మార్నింగ్ కూడా చెప్పలేని మనిషి. కాని పీచు ఊడదీసే రోజున చుట్టూ తడి గోనెలు కట్టించేవాడు, పీచును నీళ్ళతో నానబెట్టించేవాడు, తడి గోనెలోనే మూట కట్టించి పూడ్పించేవాడు. పక్క ఇంజను మీద పని మాత్రం ఆగేది కాదు. ఆ రోజుల్లో భద్రయ్య చొక్కా తడిసి ఇంటికొచ్చేది.

ఆ దొర రిటైరయ్యాక ఇంకొకడొచ్చాడు. నీళ్ళు పోస్తే ఆరేదాకా ఆలస్యమన్నాడు. గోనెలు దండగన్నాడు. అప్పట్నుంచి చొక్కా తెల్లగా, పొడిగా రావడం మొదలైంది. సింహాచలమ్మ దాన్ని పెరట్లో దులిపి, రాతి మీద బాది ఉతికేది. నాలుగేళ్ళకు భద్రయ్యకు దగ్గు పట్టుకుంది. డాక్టరు చీటీ మీద బీడీలు మానమని రాశాడు. భద్రయ్య జన్మలో బీడీ ముట్టలేదు. 1983లో, నలభై నాలుగో ఏట పోయాడు. తడి చొక్కాకీ పొడి చొక్కాకీ మధ్య తేడా ఏమిటో ఆ ఊరి ఇంజనీర్లందరి కంటే సింహాచలమ్మకే బాగా తెలుసు. కాని ఆమెను అడగాలని ఎవడికీ తోచలేదు. చీపురు పట్టుకున్న మనిషికి తెలివి ఉంటుందని నమ్మితే చాలామంది కుర్చీలు కదిలిపోతాయి.

1991లో ఎక్కడినుంచో సర్క్యులరు ఊడిపడింది. బళ్ళలో పాత రేకులు ప్రమాదకరం, తీసేసి కొత్త కప్పు వెయ్యాలి. అయిదేళ్ళుగా సింహాచలమ్మ చెబుతున్నదే టైపు కొట్టి వచ్చేసరికి అందరికీ భయం పుట్టింది. దానితో పాటు ఇంకో ఉత్తరం వచ్చింది. పని జరిగే మూడు నెలలూ బడి మూసెయ్యాలి, పిల్లల్ని రెండు మైళ్ళ అవతల హిందీ బడికి పంపాలి.

మూడు నెలలంటే ఏమిటో కాలనీలో అందరికీ తెలుసు. అంతకుముందు పక్క కాలనీలో తెలుగు తరగతులున్న బడిని ఇలాగే మరమ్మతుకని మూశారు. పిల్లలు చెదిరిపోయారు, సంఖ్య చాలదన్నారు, ఇప్పుడా గదుల్లో విరిగిన కుర్చీలు చదువుకుంటున్నాయి. రేకుల బడి ఒక్కసారి మూతపడితే మళ్ళీ తెరుచుకోదు. మూయకుండా ఉంటే రేకులు విరిచేటప్పుడు ఆ పొడంతా పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

తెలుగు పెద్దల సంఘం అత్యవసరంగా సమావేశమైంది. అధ్యక్షుడు యజ్ఞనారాయణ, రిటైరైన హెడ్ క్లర్కు, మాతృభాష గురించి ముప్పావు గంట మాట్లాడి కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన మనవలిద్దరూ ఇంగ్లీషు కాన్వెంటులో చదువుతున్నారు. వేదిక మీద ఉన్న ఏడుగురిలో రేకుల బడికి పిల్లల్ని పంపే గాడిద ఒక్కడూ లేడు. చివరికి హైదరాబాదుకు టెలిగ్రాం ఇవ్వాలని తీర్మానించారు. బెంగాల్లో ఉన్న రైల్వే బడి గురించి హైదరాబాదుకు టెలిగ్రాం! చప్పట్లు కొట్టారు.

టీలు అందిస్తున్న సింహాచలమ్మ కెటిల్ కింద పెట్టింది.

"బావూ, ఒక మాట. బడి ముయ్యక్కర్నేదు. ఒక్కో గదీ కాళీ సేసి ఆదివారం పూట రేకులిప్పితే సాలు. బోల్టులిప్పి, తడిపి, దించాల. సుత్తులెట్టి కొట్టకూడదు. మా ఆయన కాడ ఇంజన్లకి అలగే సేసీవోరు, షాపు ఒక్క రోజు మూయనేదు."

యజ్ఞనారాయణ ఆమె వంక చూసి, ఆ తరవాత టీ వంక చూసి, "చక్కెర తక్కువైందమ్మా" అన్నాడు.

ఆమె ఆయనతో ఇక మాట్లాడలేదు. మర్నాడు బిల్డింగు పనులు చూసే ఇనస్పెక్టరు ఘోషాల్ బాబు ఆఫీసు ముందు కూర్చుంది. మూడు రోజులు కూర్చుంది. వచ్చీరాని బెంగాలీలో, సగం హిందీలో, చేతులతో గోనెలు కట్టి చూపించి, బోల్టులిప్పి చూపించి చెప్పింది. ఘోషాల్ చెడ్డవాడు కాదు. ఏ పనికైనా బాధ్యత పక్కవాడి సంతకంలో ఉంటే చాలనుకునే మనిషి, అంతే. "ఠీక్ హై దీదీ. ఆదివారాలే చేయిస్తా. బడి నడుపుతామని హెడ్మాస్టర్‌ని రాసిమ్మను" అన్నాడు.

సోమేశ్వరరావు రేపు రాస్తానన్నాడు. మరునాడు ఆయనకు నడుంనొప్పి వచ్చింది. రెండున్నర నెలలు మెడికల్ లీవు పెట్టాడు. నడుమున్నవాడికి రావలసిన నొప్పి అది, ఆయనకెలా వచ్చిందో తెలియదు.

ఇన్‌చార్జి ఎమిలీ టీచరు మీద పడింది. ఆమె కాగితం ముందు పెట్టుకుని పెన్ను మూత తీస్తూ, పెడుతూ కూర్చుంది.

"సింహాచలం, ఆ రోజు నేను మాట్లాడలేదు" అంది.

"ఆ రోజుది ఒగ్గీండి టీచరమ్మా. ఈ రోజు సంతకం ఎట్టండి."

"రేపు ఏదైనా అయితే నా ఉద్యోగం పోదా?"

"నాది పోయి, మీది పోయి, ముందు బడుండాల కదా పోడానికి?"

ఎమిలీ సూది వేయించుకునే పిల్లలా కళ్ళు మూసుకుని సంతకం పెట్టింది. అది ధైర్యమనలేం. కాని ఆ బడిలో అయిదేళ్ళలో ధైర్యానికి దగ్గరగా వచ్చిన పని అదొక్కటే.

మొదటి ఆదివారం పొద్దున కాంట్రాక్టరు కూలీలు వచ్చారు. వస్తూనే సుత్తులు తీశారు. రేకు మీద రెండు దెబ్బలు పడేసరికి తెల్లటి పొగలా లేచింది. సింహాచలమ్మ నిచ్చెన కాళ్ళు పట్టుకుని నిలబడింది.

"దిగండి. నీల్లు తడపకుండా ముట్టుకోకండి."

"నీళ్ళెక్కడున్నాయి మౌసీ?" అన్నాడు కూలీ మేస్త్రీ. వాడు చెప్పింది నిజమే. ట్రాఫిక్ కాలనీలో కొళాయి పొద్దున రెండు గంటలే వస్తుంది. బడి తొట్టిలో నీళ్ళు పిల్లల తాగుడికే చాలవు. నీళ్ళు ఏర్పాటు చెయ్యాలని ఘోషాల్‌కు తోచలేదు, కాంట్రాక్టరుకు తోచదు.

సింహాచలమ్మ కొళాయి దగ్గరికి నడిచింది. ముప్పై మంది ఆడవాళ్ళు వరసలో ఉన్నారు. ఆ వరసలో ఒక బిందె ముందుకు జరిగితే జుట్లు పట్టుకుంటారు. అక్కడ ఆమె ఇంటికొక బకెట్టు నీళ్ళు అడిగింది.

"ఓలమ్మ, నీ బడికి తానం సేయిస్తావేటే?" అంది చిలకమ్మ. ఆమె కొడుకు రెండోసారి మూడో తరగతి చదువుతున్నాడు. కాలనీలో ఆమె నోటికి జడవని మొగాడు లేడు.

"నా మొగుడి సొక్కా దులిపింది నానే సిలకమ్మా. దులిపి దులిపి ఆడిని సంపుకున్నాను. మీ గుంటల సొక్కాలు మీరు దులపొద్దని సెప్తన్నాను."

చిలకమ్మ తన బకెట్టు చూసుకుంది, ఇంటివైపు చూసింది.

"మా ఆయనకి ఈయేల తానం నేదు. ఎటూ సేస్తే సేసినట్టుండడు" అని బకెట్టెత్తి నెత్తిన పెట్టుకుంది.

అలా మొదలైంది. ప్రతి ఆదివారం కొళాయి వరస అక్కడ ఆగకుండా బడిదాకా సాగేది. బకెట్లు, బిందెలు, ఒక ముసలమ్మ చెంబు. గుమ్మాలకు, కిటికీలకు తడి గోనెలు కట్టారు. బోల్టులు విప్పి, రేకు నానాక, నలుగురు పట్టి ముక్క కాకుండా దించారు. తడి టార్పాలినులో చుట్టి యార్డు కంచె పక్కన గోతిలో పెట్టారు. ఘోషాల్ మొదటిసారి చూసి, "ఎ కీ! హోలీ ఆడుతున్నారా?" అన్నాడు. చిలకమ్మ, "రండి దాదా, మీ మీద కూడా ఓ బకెట్టు పోస్తాం" అంది. ఆయన దూరం నుంచే పర్యవేక్షించాడు. అది ఆయనకు బాగా చేతనైన పని.

సాయంత్రం సింహాచలమ్మ ఆ గది రెండుసార్లు తుడిచేది. సోమవారం పొద్దున ఎమిలీ బల్లల మీద వేలు రాసి చూసుకుని, వేలికి తెల్లపొడి అంటలేదని ఒప్పుకున్నాకే గంట కొట్టించేది. ఖాళీ చేసిన గది పిల్లలు వసారాలో కూర్చునేవారు, లేదా పక్క గదిలో రెండు తరగతులు ఇరుక్కుని కూర్చునేవి. ఒక మూల ఎక్కం, ఇంకో మూల పద్యం. గోల. కాని వేలాడదీసిన రైలు పట్టాముక్క మీద గంట ఒక్క రోజు కూడా మానలేదు. హాజరు పట్టీలో ఒక్క గడి ఖాళీ పడలేదు. తొమ్మిది ఆదివారాల్లో పని అయిపోయింది.

చివరి ఆదివారం నాలుగో తరగతి గది నుంచి దించిన రేకులు గోతి పక్కన పేర్చి ఉంచారు. మర్నాటికి అవి లేవు. ఖరగ్‌పూర్‌లో ఇది వింత కాదు. రైల్వే పారేసింది ఏదీ నేల మీద రాత్రి గడపదు. స్లీపరు చెక్కలు మంచాలవుతాయి, బోగీ కిటికీలు వంటింట్లోకి వెళ్తాయి, సిగ్నలు తీగల మీద చీరలారతాయి. దాన్ని దొంగతనమని అంటే ఊరంతా నొచ్చుకుంటుంది. సింహాచలమ్మ ఘోషాల్‌ను అడిగింది. "వదిలెయ్ దీదీ, రైల్వే మాల్" అన్నాడు ఆయన.

కొత్త కప్పు ప్రారంభానికి సోమేశ్వరరావు నడుం కుదుటపడి వచ్చాడు. నిటారుగా నిలబడి శాలువా కప్పించుకున్నాడు. బడి తలుపు ఒక్క రోజు కూడా మూయనివ్వని దీక్షాపరుడని యజ్ఞనారాయణ పొగిడాడు. ఎమిలీ చప్పట్లు కొట్టింది, ఆమె చేతులకు తెలిసిన పని అది. పొద్దున్నే వాకిట్లో కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టే బాధ్యత మాత్రం సింహాచలమ్మకు అప్పగించారు. ఆ మరుసటేడు సోమేశ్వరరావు రిటైరయ్యాడు.

1997లో ఆఫీసులో కొత్త గుమాస్తా ఒకడు సింహాచలమ్మ ఫైలు తిరగేసి, ఆ పాత కాగితం తప్పని అప్పటి హెడ్మాస్టరు రాసిస్తే ఈసారి జాబితాలో పేరు ఎక్కుతుందన్నాడు. ఇదే ఆఖరి జాబితా అన్నాడు. పర్మనెంటైతే పింఛను ఉంటుంది. కాకపోతే వయసు మీరిన రోజున చీపురు అక్కడ పెట్టి ఒట్టి చేతులతో ఇంటికి నడవాలి.

సోమేశ్వరరావు ఊళ్ళోనే ఇందా పేటలో ఇల్లు కట్టుకుని, పక్కన పొడుగాటి షెడ్డు వేసి ట్యూషన్లు చెబుతున్నాడు. ఆమె వెళ్ళేసరికి షెడ్డులో పాతికమంది పిల్లలున్నారు. ఆశ్చర్యం, ఆయన ఆదరించాడు. వయసుతో మెత్తబడ్డాడో, శాలువా గుర్తొచ్చిందో.

"అప్పుడు తప్పే జరిగింది సింహాచలం. ఎన్నోసార్లు అనుకున్నాను" అని తెల్ల కాగితం తీసుకుని రాయసాగాడు. దస్తూరీ ముత్యాల్లా ఉంది. అబద్ధం రాసినప్పుడూ అలాగే ఉంది.

ఆమె నేల మీద కూర్చుని తలెత్తింది. పైన రేకు మీద వాన మరక ఒకటి, గుర్రం తల ఆకారంలో. నాలుగో తరగతి గది రేకు అది. ఏళ్ళ తరబడి ఊడుస్తూ చూసిన మరక. దాని పక్కన రేకు అంచు పగిలి నూగు లేచింది. కింద కూర్చున్న ఒక పిల్ల జడ మీద తెల్లగా రాలి ఉంది. ఆ పిల్ల పుస్తకం మీది పొడిని నోటితో ఊదుకుంటోంది.

"ఇయి మా బడి రేకులు మాస్టారూ."

ఆయన పెన్ను ఆగింది. "గట్టి రేకులమ్మా. పూడ్చిపెట్టడానికి మనసొప్పలేదు. అందరూ తెచ్చుకునేదే కదా."

"పిల్లల మీద పడతన్నాది."

"చూడు, ఉత్తరం అయిపోవచ్చింది. సంతకం ఒక్కటే. నువ్వీ సంగతి వాళ్ళ అమ్మానాన్నల దగ్గర ఎత్తకు, నేనిప్పుడే పెట్టి ఇస్తాను." ఆమె లేచి నిలబడడం చూసి గొంతు పెంచాడు. "అయితే ఏం చెయ్యమంటావు? ట్యూషను మూసుకోమంటావా?"

అది వాళ్ళిద్దరి ఆఖరి కలయిక. ఆ సంతకం ఆ రోజు పడలేదు, తరవాతా పడలేదు. సింహాచలమ్మ చీర కొంగు బొడ్లో దోపుకుని, పిల్లల్ని చేత్తో బయటికి సైగ చేసి, ఆయన వైపు తిరిగింది.

"మూయడమెందుకు మాస్టారూ, పిల్లల్ని అరుగు మీద కూకోబెట్టి సెప్పండి. ఆ కాయితం లోపలెట్టుకోండి, తడిసిపోతాది. బకెట్టెక్కడుందో సెప్పండి."